నొప్పి కాలు మారదు

వాల్పరైసోలో ఏ వీధీ తిన్నగా పోదు.
రొట్టెల కొట్టుకు పోవాలన్నా ఒక కొండ,
ఉప్పు మర్చిపోతే మళ్ళీ అదే కొండ.
అలాంటి ఊళ్ళో కూచుని
పక్కకి మాత్రమే నడిచే ఆటొకటి చేస్తున్నాం,
నేనూ, నిబాల్దో.
మొదలెట్టి పన్నెండో నెల,
అద్దె బాకీ రెండో నెల.

ఆటలో ఒక్కడే మనిషి.
గ్యాస్ బండ మోసేవాడు.

మొదట గీసినప్పుడు వాడికి మెడ లేదు.
రెండోసారి మెడ వచ్చింది, మనిషి పోయాడు.
బండెత్తుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.
ఒళ్ళంతా నల్లగా పూసి దూరం నుంచి చూస్తే
అచ్చం టీ కాచే గిన్నె.
మీసం పెట్టి, ఆ మీసం వెనక
కొన్నాళ్ళు దాక్కున్నాను నేనే.

పదకొండో బొమ్మ దగ్గర, కిటికీ కింద
ఠంగ్ ఠంగ్ మని
ఇనపముక్కతో బండ మీద కొడుతూ
హువెనాల్ మెట్లెక్కుతున్నాడు.
ఏళ్ళ తరబడి వింటున్న చప్పుడు.
ఆ పూటే చూశాను.
ఎడమ మోకాలు వంగదు ఆయనకి.
కుడికాలు పైమెట్టు మీద వేసి
ఎడమకాలిని పైకి రమ్మంటాడు,
మొండికేసిన మేకను తాడు పట్టి లాగినట్టు.

నాలుగు వేల త్రిభుజాలతో ఒళ్ళు కుట్టాను.
లోపల ఎముకలు దించాను,
వెన్నుకి మూడు, కాలికి నాలుగు.
ఎడమ మోకాలికి
పదహారు డిగ్రీల దగ్గర తాళం వేశాను.
పక్కనుంచే కనబడే మనిషి,
రెండో కన్ను ఎవరికీ అక్కర్లేదు.
అయినా పెట్టాను.
చొక్కా నీలం ఎదురింటి దండెం మీంచి తెచ్చుకున్నాను.
నడిపించి అడుగడుగునీ బొమ్మ తీస్తే
పన్నెండు బొమ్మల్లో ఒక కుంటినడక.

వెనక్కి తిరగాలంటే?
"తిప్పేస్తే సరి" అన్నాడు నిబాల్దో,
"అద్దంలో చూపినట్టు. ఒక్క లైను."
ఆ ఒక్క లైనూ రాశాడు.
వాడు వెనక్కి తిరిగాడు.
ఎడమ భుజం మీది బండ కుడి భుజానికెక్కింది.
కుంటు కుడికాల్లోకి దూకింది.
ఇటు నడిస్తే ఈ కాలు, అటు నడిస్తే ఆ కాలు,
బడి ఎగ్గొట్టడానికి కుంటుతూ
ఏ కాలో మర్చిపోయిన పిల్లాడిలా.

"ఎవరూ చూడరు, ఒరియెట్టా."
"నొప్పి కాలు మారదు, నిబాల్దో."
ఆ రాత్రి ఇంక మాటల్లేవు.
నూడుల్స్ ఉడికించి సగం నా బల్ల మీద పెట్టి
తలుపు చప్పుడు కాకుండా వేసి పోయాడు.

ఇంకో పన్నెండు బొమ్మలు.
ఇంకో తొమ్మిది రోజులు.

బండ తెచ్చిన రోజు హువెనాల్ని కూచోబెట్టి
చేతికిచ్చాను మీటలు.
లావు వేళ్ళు. రెండు మీటలు ఒకేసారి నొక్కి
మొదటి గుంటలోనే పడేశాడు తన్ను తానే.
నవ్వాడు. మళ్ళీ నడిపాడు.
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
నేను ఊపిరి బిగబట్టాను.
మోకాలి గురించి ఒక్క ముక్క అనలేదు.
తెర మీద వేలు పెట్టి
"ఇది ఖాళీ బండ" అన్నాడు.
"నిండు బండకి తల ఇలా నిలవదు, అమ్మాయ్.
లోపల ఎవరో గుసగుసలాడుతుంటే
చెవి ఆనించి వింటున్నట్టుండాలి.
అది సరే, వీడు ఎక్కడ దించుకుంటాడు?"

దించుకోవడమా?
ఆటలో దించే చోటు లేదు.
తెర జరుగుతూనే ఉంటుంది, జరగడమే ఆట.
ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

డబ్బు లెక్కపెట్టుకుని
మా ఖాళీ బండ భుజానికెత్తుకుని దిగిపోయాడు.
కిటికీలోంచి వంగి చూశాను.
నిజమే, తల నిటారుగా ఉంది.

మెడ ఎముక విప్పి మళ్ళీ వంచాను.
ఇప్పుడు, ఎనిమిది సెకన్లు ఎవరూ మీట ముట్టకపోతే
వాడు బండ దించి దాని మీదే కూచుంటాడు.
కాలు చాపుకుంటాడు,
ఎటు తిరిగి ఉన్నా ఎడమకాలే.
టోపీ తీసి మెడ తుడుచుకుంటాడు.

నిన్న తప్పులు పట్టడానికి కూచున్న నిబాల్దో
చేతులు ఒళ్ళో పెట్టుకుని
చాలాసేపు ఏ మీటా నొక్కలేదు.
పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి
సగమయ్యాయి.